మల్లెపూల వాసన వేసిన కణాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫిజిక్స్ లెక్చరర్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. నా నోట్సు కావాలంటారు, ముఖ్యమైన ప్రశ్నల లిస్టు కావాలంటారు. రెండూ ఇచ్చేస్తాను, ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను. మీరు అడగనిది ఒకటుంది. అది కూడా ఇచ్చేస్తే నా పని అయిపోతుందని ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను. ఇందులో నేను సాధించిన ఘనకార్యం ఏదీ లేదు, చెడగొట్టిన పని ఒకటుంది. చదువుతుంటే విసుగొస్తే పక్కన పడేయండి, నేనేమీ అనుకోను. ఈ వయసులో అలగడానికి కూడా ఓపిక కావాలి.

నారాయణఖేడ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. కాలేజీ పేరు చెప్పను, ఖేడ్‌లో ఉన్నది ఒక్క కాలేజీ కాదు. ఇల్లు సంగారెడ్డిలో. రోజూ పొద్దున బస్సెక్కి జోగిపేట మీదుగా వెళ్లడం, సాయంత్రం అదే దారిలో తిరిగి రావడం. మా భాషలో దీన్ని అప్ అండ్ డౌన్ అంటారు. స్టాఫ్‌లో సగం మంది అప్ అండ్ డౌనే. కాలేజీ నాలుగింటి వరకు ఉండేది. మా బస్సు మూడూ నలభైకి. ఆ తర్వాతి బస్సు ఎప్పుడొస్తుందో దాని డ్రైవర్‌కు కూడా తెలియదు. అందుకని పొద్దున రిజిస్టరులో వచ్చినట్టు సంతకం పెట్టేటప్పుడే, నాలుగింటికి వెళ్లినట్టు కూడా సంతకం పెట్టేసేవాళ్లం. ఎవరి నుంచి నేర్చుకున్నామో గుర్తు లేదు. నేను చేరేటప్పటికే అది అక్కడి పద్ధతి.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ల్యాబులో లోలకం ప్రయోగం ఉంటుంది కదా, మా స్టాప్ వాచీ సెల్లు అయిపోయి మూడేళ్లయినా ప్రతి పిల్లవాడి రికార్డులోనూ గురుత్వ త్వరణం జవాబు సరిగ్గా తొమ్మిది వందల ఎనభై వచ్చేది. జవాబు ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసి, దానికి తగిన రీడింగులు తయారు చేసేవాళ్లు. అనుమానం రాకుండా ఒకటి రెండు రీడింగులు కొంచెం అటూ ఇటూ జరపమని మేమే చెప్పేవాళ్లం. రికార్డులు కట్టలు కట్టలుగా నా టేబుల్ మీదికి వచ్చేవి, పేజీ కూడా తిప్పకుండా సంతకాలు చేసేదాన్ని. మీలో ఎవరూ ఇలా చేయలేదంటే మీకు దండం.

ఇక పాఠాల సంగతి. విద్యుత్ క్షేత్రం మీద మార్కులు ఎక్కువ కాబట్టి దాన్ని నిర్వచనం, సూత్రం, బొమ్మ అని మూడు ముక్కలు చేసి బట్టీ పట్టించేదాన్ని. ప్రాథమిక కణాలు, అవి ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తాయి అనే మాట వచ్చిన చోటల్లా "ఇది ఛాయిస్‌లో వదిలేయండి" అనేదాన్ని. ఏళ్ల తరబడి వదిలేయించాను. ప్రపంచం మొత్తం వాటితోనే తయారైంది, మా సిలబస్‌లో మాత్రం వాటికి మార్కులు లేవు.

కరోనా సెలవులు పోయి కాలేజీ మళ్లీ గాడిలో పడిన ఏడాది, రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊరు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, హాస్టల్లో రెండూ కలిపి మాట్లాడేది. మాట మెత్తన కాదు. ఒకరోజు క్షేత్రం పాఠం చెప్పి, ప్లాస్టిక్ స్కేలు జుట్టుకు రుద్ది కాగితం ముక్కలు లేపి చూపించాను. అందరూ నవ్వుకుని నోట్సు రాసుకున్నారు. ఆమె లేచి నిలబడింది.

"ముట్టకుండనే ఎట్ల గుంజుతది మేడం? నడుమ ఏం లేదు గద?"

"దాన్నే క్షేత్రం అంటారమ్మా. డెఫినిషన్ రాస్తే రెండు మార్కులు."

"డెఫినిషన్ వచ్చింది మేడం. అది నిజంగ ఉన్నదా లేదా అని అడుగుతున్న. కండ్లతోని చూడొచ్చా?"

ఆ రోజు నాకు ఏ గాలి సోకిందో, చూడొచ్చు అన్నాను. ఎమ్మెస్సీలో పుస్తకంలో చూసిన బొమ్మ ఒకటి గుర్తొచ్చి చెప్పాను. క్లౌడ్ ఛాంబర్ అంటారు. గాజు పెట్టె, పైన స్పిరిటులో తడిపిన మందపు గుడ్డ, కింద నల్ల రేకు, రేకు కింద విపరీతమైన చలి. స్పిరిటు ఆవిరి కిందికి దిగి రేకు దగ్గర చల్లబడి, ఏ చిన్న సాకు దొరికినా చుక్కగా మారడానికి కాచుకుని ఉంటుంది. ఆకాశం నుంచి కంటికి కనబడని కణాలు ఎప్పుడూ రాలుతుంటాయి. ఇంటి పైకప్పులోంచి, మనలోంచి కూడా దూసుకుపోతుంటాయి. అలా పోతున్న కణానికి ఆవేశం, అంటే ఛార్జి, ఉంటే, దాని క్షేత్రం దారిలో ఉన్న గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తుంది. గుద్దుకోనక్కర లేదు, పక్కనుంచి పోతే చాలు. అలా విరిగిన ముక్కల మీద ఆవిరి చుక్కలు కడుతుంది, ఒక తెల్లని దారం కనబడుతుంది. విమానం పోయాక ఆకాశంలో మిగిలే గీత లాగా.

చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆ ఏడాది జిల్లా నుంచి ఒక బృందం కాలేజీలకు తిరిగి, పిల్లల ప్రాజెక్టులు చూసి, మంచివాటిని హైదరాబాద్ ప్రదర్శనకు పంపుతుందని ఉత్తర్వు వచ్చింది. ప్రిన్సిపాల్ ప్రతి సబ్జెక్టు నుంచి ఒకటి ఉండాలన్నాడు. అమ్మాయి నా టేబుల్ ముందుకు వచ్చి, "గా పెట్టె చేద్దాం మేడం" అంది. ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది. వాళ్ల అమ్మానాన్న ఆమెను ఇంటర్ తర్వాత ఇంకా సైన్సు చదివించాలా వద్దా అని ఊగిసలాడుతున్నారట. హైదరాబాద్‌కు ఎంపికైతే డిగ్రీలో బీఎస్సీ చేర్పిస్తామని నాన్న మాటిచ్చాడట. ఆమెకు కావలసింది అదొక్కటే.

చేపల తొట్టి ఒకటి బజారులో దొరికింది. స్పిరిటు కోసం మందుల షాపులన్నీ తిరిగాం. చివరికి మొబైల్ రిపేరు షాపులో దొరికింది, ఫోన్ లోపలి బోర్డులు తుడవడానికి వాళ్లు వాడేది అదే. చలికి పొగ ఐసు, అదే డ్రై ఐస్, కావాలి. పటాన్‌చెరు దగ్గర ఐస్‌క్రీం గోదాములో పనిచేసే మా పక్కింటాయన ఒక థర్మాకోల్ పెట్టె నిండా ఇప్పించాడు. బృందం గురువారం వస్తుంది, బుధవారం ఒకసారి చేసి చూసుకుందామని ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బుధవారం పొద్దున బస్సెక్కాను. కండక్టర్ చేపలా అని అడిగాడు, అవునన్నాను. ఫిజిక్స్ వివరించే ఓపిక పొద్దున ఆరున్నరకు ఎవరికీ ఉండదు.

కాలేజీకి చేరాక జరిగింది మాత్రం మా స్టాఫే చేయగలిగిన పని. కామర్స్ లెక్చరర్ ఒక ముక్క తీసి స్టీలు గ్లాసు నీళ్లలో వేశాడు. తెల్లగా పొగ పొంగింది. ఇంకేముంది, తెలుగు ఆయన, లైబ్రేరియన్, ఆఫీసు వాళ్లు, తలా ఒక ముక్క, తలా ఒక గ్లాసు. ప్రిన్సిపాల్ టేబుల్ మీద బకెట్ పెట్టించి, పొగ మధ్యలో కూర్చుని ఫోటో దిగాడు. ఆ ఫోటో తీసింది నేనే. వద్దనలేకపోయాను, అనాలని కూడా అనిపించలేదు. మధ్యాహ్నానికి పెట్టెలో సగం ఖాళీ.

రెండు గంటలకు ల్యాబులో పని మొదలుపెట్టాం. చీకటి చేయాలి. మా ల్యాబ్ అటెండర్ పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నవాడు, పిల్లలకు చాచా. తనకు తెలిసిన కురుమాయన ఇంటి నుంచి రెండు ఉన్ని గొంగళ్లు అడిగి తెచ్చాడు. మిగిలిపోయిన ప్లాస్టిక్ బోరు పైపు ముక్కలకు వాటిని తగిలించి కిటికీలకు అడ్డం కట్టాడు. టార్చిలైటు పక్కనుంచి వేశాం. పావుగంట గడిచింది. రేకు మీద సన్నటి మంచు లాంటి తుంపర పడుతోంది తప్ప గీత లేదు, దారం లేదు. అరగంట గడిచింది. తొట్టి అంతా మసక. నా కళ్లు తొట్టిని చూడటం మానేసి గడియారాన్ని చూడటం మొదలుపెట్టాయి.

"రాదమ్మా. మన దగ్గర ఇంతే వస్తుంది. రేపు ఈ పొగమంచే చూపించి థియరీ చెప్పేద్దాం" అన్నాను.

"జర సేపు ఉందాం మేడం. మీరు పోండ్రి, నేను, చాచా ఉంటం" అంది.

మూడున్నరకు బ్యాగు తీసుకుని బయటపడ్డాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ రోజంతా నాకు గుర్తున్న సంతోషం అదే.

మర్నాడు పొద్దున నేను బస్టాండులో దిగేసరికి అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. హాస్టల్ నుంచి అంత దూరం నడిచి వచ్చింది. రాత్రి నిద్ర పోయినట్టు లేదు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"వచ్చినయ్ మేడం! మస్తు వచ్చినయ్!"

నడుస్తూనే ఊపిరాడకుండా చెప్పింది. నేను వెళ్లాక కూడా తొట్టిలో మసకే ఉందట. నాలుగు దాటాక చాచా నమాజుకు వెళ్లాడు. ఒక్కతే కూర్చుని ఆలోచించింది. ఈ మసక ఎందుకు? పాత ముక్కలు పోకుండా తొట్టిలోనే తిరుగుతున్నాయేమో, వాటి మీదే చుక్కలు కట్టి కొత్త గీతకు చోటు లేకుండా చేస్తున్నాయేమో అనుకుంది. "వాటికి ఛార్జి ఉంటది గద మేడం. ఛార్జి ఉన్నదాన్ని ఫీల్డు గుంజుతదని మీరే చెప్పిండ్రు గద." విడిగా మిగిలిన పైపు ముక్కను, కిటికీకి కట్టిన గొంగడి అంచుతో గట్టిగా రుద్ది, తొట్టి మూత మీద అడ్డంగా పట్టింది. మసక విడిపోయిందట. ఆ తర్వాత గీతలు వచ్చాయట. ఒకటి సన్నగా, నిట్టనిలువుగా. ఒకటి లావుగా, పొట్టిగా. ఒకటి వంకర టింకరగా. రికార్డులో బొమ్మలు గీసి, పక్కన టైము కూడా రాసింది. మొదటి గీత నాలుగూ ఇరవైకి. చాచా తిరిగొచ్చేసరికి రేకు కింద ఐసు తగ్గి గీతలు ఆగిపోయాయట.

మీకిప్పుడు చెబుతున్నాను, ఆ ఉపాయం అక్షరాలా సరైనది. పెద్ద పెద్ద ల్యాబుల్లో ఆ పనికి హై వోల్టేజీ పెడతారు, ఆమె బోరు పైపు పెట్టింది. కానీ ఆ పొద్దున నాకు అది తట్టలేదు. పదిహేడేళ్ల పిల్ల, చీకటి గది, ఒక్కతే ఉంది, చూడాలన్న ఆశ ఉంది, చూశాననుకుంది అనుకున్నాను. "సరే సరే, మంచిది" అన్నాను. రికార్డు చేతిలోకి తీసుకున్నాను గానీ, బొమ్మలు చూడకుండానే తిరిగి ఇచ్చేశాను.

కాలేజీలో థర్మాకోల్ పెట్టె మూత తీస్తే అడుగున పిడికెడు తెల్లటి పొడి మిగిలింది. చూస్తుండగానే అదీ మాయమైపోయింది. బృందం పదకొండింటికి వస్తుంది. ప్రిన్సిపాల్ పరేషాన్. ఫిజిక్స్ నుంచి ఏమీ లేదంటే పరువు పోతుందన్నాడు. అప్పుడు ఆ మాట అన్నది నేనే, అటెండర్ మీదికి తోయను.

"ఒక ఊదుబత్తి వెలిగించి తొట్టి వెనక పెట్టండి. సన్నటి పొగ గీతలా వస్తుంది. చీకట్లో ఎవరికి తెలుస్తుంది?"

అటెండర్ నా వైపు ఒకసారి చూసి, ఆఫీసులో దేవుడి పటం దగ్గరున్న పెట్టెలోంచి రెండు పుల్లలు తెచ్చాడు. అమ్మాయి బిగుసుకుపోయింది.

"నిన్న నిజంవి వచ్చినయ్ మేడం. ఇయ్యాల గివెందుకు?"

"నిన్నటివి ఇవాళ చూపించలేం కదమ్మా. ఇవీ అలాంటివే అనుకో. కణాల గీతలు అని చూపించి, నేను రాయించింది చెప్పు."

జవాబు ముందు రాసుకుని వెనక్కి లెక్క వేయడం తప్ప వేరే దారి మేము ఎరుగం. నాకది అబద్ధం లాగా కూడా అనిపించలేదు.

బృందంలో ముగ్గురు. వాళ్లలో పెద్ద అధికారి ఒకప్పుడు ఫిజిక్స్ చెప్పినవాడే. చీకటి ల్యాబులోకి వచ్చి, తొట్టి మీదికి వంగి, ఒక నిమిషం చూసి, గాలి పీల్చాడు.

"మేడం, మీ కణాలకు మల్లెపూల వాసన వస్తున్నదేంది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి మాట్లాడింది.

"గివి కణాలు కావు సార్, ఊదుబత్తి పొగ. ఐసు ఐపోయింది. నిన్న మాత్రం నిజంగ చూసిన."

ఆయన నవ్వు ఆపాడు. ఎలా చూశావని అడిగాడు. ఆమె అంతా చెప్పింది. మసక, పాత ముక్కలు, గొంగడి, పైపు. రికార్డు తెరిచి బొమ్మలు చూపించింది. ఆయన టార్చి ఆ పేజీ మీదికి తిప్పుకుని చాలాసేపు చూశాడు. నా సర్వీసులో ఒక పిల్ల రికార్డును అంత శ్రద్ధగా చూసిన మనిషిని ఆయన్నొక్కడినే చూశాను.

"నాలుగు ఇరవైకి అని రాసినవ్. అప్పుడు ఎవరున్నరు?"

"చాచా నమాజుకు పోయిండు సార్. ఎవ్వరు లేరు."

ఆయన నా వైపు తిరిగాడు. "మేడం, మీరు?"

రిజిస్టరు ప్రిన్సిపాల్ చేతిలోనే ఉంది. అందులో నిన్నటి తేదీ పక్కన, సాయంత్రం నాలుగు గంటలని నా సంతకం ఉంది. ఒక అధికారి ముందు, మిగతా స్టాఫ్ ముందు, నేను మూడున్నరకే వెళ్లిపోయాను అనాలి. నేనొక్కదాన్నే దొరికిపోను, అప్ అండ్ డౌన్ వాళ్లంతా దొరుకుతారు. ఇవన్నీ ఆలోచించడానికి ఒక్క క్షణం పట్టింది.

"నేనూ ఉన్నాను సార్. కొంచెం మంచు తప్ప ఏమీ కనబడలేదు. చిన్నపిల్ల కదా, ఏదో చూశాననుకుంది."

చూడండి, నేను వెళ్లిపోయాను, నాకు తెలియదు అన్నా సరిపోయేది. లేదు, ఉన్నాను అన్నాను, పైగా ఏమీ రాలేదని సాక్ష్యం చెప్పాను. అమ్మాయి నన్ను చూసింది. నేను ఆ సమయంలో అక్కడ లేనని ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆమె. రికార్డు మూసి గుండెకు ఆనించుకుని నిలబడింది. నేను అబద్ధం చెబుతున్నానని ఆమె చెప్పి ఉంటే నాకు అంత సిగ్గు వేసేది కాదు.

అధికారి "ఆలోచన మంచిగున్నదమ్మా" అని ఆమె భుజం తట్టి పక్క గదికి వెళ్లిపోయాడు. మా కాలేజీ నుంచి వేపాకు రసంతో తయారుచేసిన దోమల మందు హైదరాబాద్ వెళ్లింది.

ఆ తర్వాత ఆమె వెనక బెంచీకి మారింది. ప్రశ్నలు ఆగిపోయాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది, ఫస్ట్ క్లాసులో పాసైంది. టీసీ తీసుకోవడానికి వచ్చినప్పుడు బీఎస్సీనా అని అడిగాను. "లేదు మేడం, బీకాం" అంది. ఎందుకని అడిగితే, "గట్లనే" అంది. ఆ రోజు బస్సులో నాకు సీటు దొరకలేదు. జోగిపేట దాకా నిలబడే వచ్చాను, అది నాకు తగిన శిక్షే అని కూడా అనుకున్నాను. ఎంత చవకగా సరిపెట్టుకుంటామో చూడండి.

ఇక్కడితో అయిపోతే మీకు చెప్పేదాన్ని కాదు. రిటైర్మెంటుకు మూడు నెలల ముందు, ఏం చేయడానికీ ఉత్సాహం లేని రోజుల్లో, ఆ సంగతి ఊరికే గుర్తుకు రావడం మొదలైంది. చపాతీ పిండి కలుపుతుంటే గుర్తొచ్చేది, బస్సులో కునుకు తీస్తుంటే గుర్తొచ్చేది. ఒక ఆదివారం పొగ ఐసు మళ్లీ తెప్పించి, ఎవరికీ చెప్పకుండా ఖేడ్ వెళ్లాను. అటెండర్ అప్పటికే రిటైరయ్యాడు, అయినా ఫోన్ చేస్తే గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. తొట్టి దుమ్ము దులిపాం. పావుగంట, అరగంట, అదే మసక. ఈసారి గడియారం బ్యాగులో పెట్టేశాను. పైపు రుద్ది మూత మీద పట్టాను.

మసక పక్కకు జరిగింది. నల్లటి రేకు తేటగా కనబడింది. తర్వాత, ఏ చప్పుడూ లేకుండా, ఒక తెల్లటి దారం గీసినట్టు వచ్చి, వణికి, కరిగిపోయింది. ఇంకోటి. ఒకటి లావుగా, పొట్టిగా. ఒకటి వంకర టింకరగా. ఆమె బొమ్మల్లో ఉన్నవే. ముప్పై ఏళ్లకు పైగా క్షేత్రం గురించి చెప్పిన దాన్ని, క్షేత్రం చేసే పనిని చూడటం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. చీకటి కదా, ఎవరూ చూడలేదనుకున్నాను.

"మేడం," అటెండర్ మెల్లగా అన్నాడు, "మనం అగరబత్తి పెట్టిన దినం గూడ గివి పడుతనే ఉండె గద?"

"అవును. ఎప్పుడూ పడుతూనే ఉంటాయి."

"మరి ఆ పిల్లతోని మనం ఎంత పని చేసినం!" అని తల పట్టుకున్నాడు. మనం అన్నాడు. చేసింది నేను.

ఆ వారంలోనే నాగల్‌గిద్ద దాటి వాళ్ల ఊరు వెళ్లాను. డిగ్రీ చివరి సంవత్సరం, కంది కోతలకు ఇంటికి వచ్చిందట. చేనులోనే కలిసింది. తల్లీ కూతుళ్లు కోసిన కంది కట్టె కుప్ప వేస్తున్నారు. తల్లికి తెలుగు తక్కువ. నేను ఎవరో కూతురు చెప్పాక, గట్టు మీద గోనెసంచి పరిచి కూర్చోమంది. నీళ్లు తాగి, దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ చెప్పేశాను. నేను ఆ రోజు మూడున్నరకే వెళ్లిపోయానని, అధికారి ముందు అబద్ధం చెప్పానని, మొన్న నేనూ చూశానని, ఆమె చూసింది నూటికి నూరుపాళ్లు నిజమని. ఆమె ముఖంలో ఏదో విచ్చుకుంటుందని, మేడం అని చేయి పట్టుకుంటుందని అనుకున్నాను. అందుకే వెళ్లానేమో కూడా.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను చూసిన అని నాకు ఎర్కనే మేడం. మీరు గా దినం లేరని గూడ ఎర్కనే. ఎర్క లేనిది గా సార్‌కు. ఆయనకు చెప్పిండ్రా?"

"ఏనంతె?" అని తల్లి అడిగింది, ఏమిటి సంగతి అని. కూతురు కన్నడంలో ఏదో చెప్పింది. తల్లి నా వైపు చూసి, మళ్లీ కట్టె మోయడానికి వెళ్లింది.

"లేదమ్మా" అన్నాను.

"ఆయనకు చెప్పుండ్రి."

కోపంగా అనలేదు. నేను క్లాసులో ఫలానా పేజీ తీయండి అన్నట్టు అంది. చెప్పవలసిన వాళ్లకు చెప్పకుండా, చెప్పడానికి సులువైన మనిషి దగ్గరికి వచ్చానని అప్పటిదాకా నాకు తోచలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్‌కు కాగితం రాసిచ్చాను. ఫలానా రోజు ముందే వెళ్లిపోయి నాలుగింటికి సంతకం పెట్టానని, బృందం ముందు తప్పు చెప్పానని. పెన్షన్ కాగితాలు ఆగిపోతాయని స్టాఫ్ అంతా భయపెట్టారు. మెమో వచ్చింది, జవాబు ఇచ్చాను. చివరికి ఆ రోజును ఒక పూట సెలవు కింద రాసుకున్నారు. అంతే. ఒక పూట సెలవు. దాన్ని దాచుకోవడానికే నేను ఆ పిల్ల మాటను అబద్ధం చేశాను.

అధికారి వేరే జిల్లాకు మారాడు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఎవరో గుర్తు పట్టడానికి మల్లెపూల వాసన అనాల్సి వచ్చింది. అంతా విన్నాడు.

"నాకు గప్పుడే సమజైంది మేడం" అన్నాడు. "అబద్ధం చెప్పే పిల్లయితే గా పొగనే చూపిచ్చి ఊకుంటుండె. పొగ అని ఒప్పుకున్న పిల్ల, చూడంది చూసిన అని ఎందుకంటది? గా బొమ్మలు గూడ ఊహించి గీసేటియి కావు."

"మరి రిపోర్టులో ఎందుకు రాయలేదు సార్?"

"లెక్చరరే ఏం రాలేదని చెప్పినంక, స్టూడెంటు మాట నేనెట్ల రాస్త మేడం? మీ ముందర మిమ్మల్ని కాదంటే మంచిగుండదని ఊకున్న. తర్వాత పని మీద పడి మర్చిపోయిన."

ఫోన్ పెట్టేశాను. ఇది కూడా ఆమెకు చెప్పాలా అని ఒక రోజంతా తర్జనభర్జన పడ్డాను. చెప్పకపోతే మళ్లీ పాత పనే చేసినట్టవుతుందని సాయంత్రం ఫోన్ చేశాను. ఆయన అన్నది అన్నట్టు, ఒక్క మాట కూడా జరపకుండా చెప్పాను.

అవతల కంది కట్టె కొడుతున్న చప్పుడు ఆగింది.

"సార్ నమ్మిండా మేడం? గా దినం నన్ను ఒక్కలు గూడ నమ్మలేదనుకున్న. గందుకే సైన్సు ఇడిసిపెట్టిన."